వాహన సందేహాలు: ముందు టైరు, ఆ తర్వాతే రిమ్ము

విశాఖపట్నం, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈసారి అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. కారుతో పాటు వచ్చిన ఇనుప రిమ్ములు తీసేసి, బయట కొన్న అలాయ్ వీల్స్, అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రాలు, వేయించుకునేటప్పుడు టైరు ఏ సైజులో తీసుకోవాలి, ఏ కంపెనీది తీసుకోవాలి అన్నదే ఆ విషయం. అందుకని ఈ సంచికలో మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాము. రోడ్డును తాకేది టైరే తప్ప రిమ్ము కాదు గనుక, ముందు టైరు సంగతి తేల్చుకుని దానికి తగిన రిమ్మును వెతుక్కోవాలన్నది మా అభిప్రాయం. చాలామంది ఈ వరుసను తలకిందులు చేయడం వల్లే చిక్కులు వస్తున్నాయి.

ప్రశ్న: మాది మారుతి స్విఫ్ట్ వీఎక్స్‌ఐ. ఇనుప రిమ్ముల మీద 165/80 ఆర్14 టైర్లు వచ్చాయి. అవి అరిగిపోయాయి కాబట్టి ఎలాగూ కొనాలి, ఆ చేత్తోనే అలాయ్ వీల్స్ కూడా వేయిద్దామని వెళితే, కొట్టులో 17 అంగుళాల రిమ్ములు చూపించి వాటికి 205/45 టైర్లు చక్కగా పడతాయన్నారు. మా నాన్నగారేమో 15 అంగుళాలు చాలంటున్నారు. నేను రోజూ గాజువాక వరకు వెళ్లి వస్తాను. పండుగలకు ఐదుగురం సామానుతో శ్రీకాకుళం వెళ్తాము. ఏ సైజు సరైనది?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మీ నాన్నగారి మాటే సరైనది. ఎందుకో లెక్కతో సహా చెబుతాము, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి పట్టుబడితే ఏ కారుకైనా మీరే వేసుకోగలరు.

టైరు మీద 165/80 ఆర్14 అని ఉంటే, మొదటి అంకె టైరు వెడల్పు, అంటే 165 మిల్లీమీటర్లు. రెండవది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది, అంటే 165లో 80 శాతం, 132 మిల్లీమీటర్లు. ఆర్ అన్నది రేడియల్ నిర్మాణానికి గుర్తు. 14 అన్నది రిమ్ము వ్యాసం అంగుళాల్లో, అంటే 355.6 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైన ఒక పక్కగోడ, కింద ఒక పక్కగోడ ఉంటాయి కాబట్టి మొత్తం టైరు వ్యాసం 355.6కు రెండు 132లు కలిపితే 619.6 మిల్లీమీటర్లు అవుతుంది. కారు స్పీడోమీటరు, గేర్ల నిష్పత్తి, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్నీ ఈ వ్యాసాన్ని ఆధారం చేసుకునే పని చేస్తాయి కనుక, రిమ్ము పెరిగినా ఈ మొత్తం మాత్రం మారకూడదు. ఎక్కువలో ఎక్కువ 3 శాతం లోపు తేడాను అనుమతించవచ్చునని వాడుకలో ఉన్న నియమం, కానీ 1 శాతం లోపు ఉండేలా చూసుకోవడమే మంచిది.

ఇదే స్విఫ్ట్‌లో పై వేరియంట్లకు కంపెనీ ఇచ్చినది 185/65 ఆర్15. దాని పక్కగోడ సుమారు 120 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. మీ పాత టైరుతో పోలిస్తే తేడా 2 మిల్లీమీటర్లకు లోపే. 195/55 ఆర్16 తీసుకున్నా 620.9 వస్తుంది. కొట్టులో చెప్పిన 205/45 ఆర్17 కూడా 616.3 దగ్గర ఆగుతుంది, అంటే తేడా అర శాతమే. వ్యాసం మాత్రమే చూస్తే కొట్టువారు చెప్పినదాంట్లో తప్పు లేదు. చిక్కంతా మిగిలిన రెండు విషయాల్లో ఉంది.

మొదటిది బరువు. టైరు సైజు పక్కనే 85టి, 88హెచ్ వంటి గుర్తు ఒకటి ఉంటుంది. అందులోని అంకె ఆ టైరు గరిష్ఠంగా ఎంత బరువు మోయగలదో సూచిస్తుంది, అక్షరం వేగ పరిమితిని సూచిస్తుంది. 84 అంటే 500 కిలోలు, 85 అంటే 515, 87 అంటే 545, 88 అంటే 560, 91 అంటే 615 కిలోలు. టి అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210, వి అంటే 240. 165/80 ఆర్14 టైరు సాధారణంగా 85తో వస్తుంది. 205/45 ఆర్17లో మామూలు రకం 84తో వస్తుంది. చూడటానికి వెడల్పుగా, ఖరీదుగా ఉన్న టైరు మీ పాత సన్నటి టైరు కంటే తక్కువ బరువు మోస్తుందన్నమాట. ఇందుకు కారణం సులభమే, బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. పక్కగోడ పొట్టిదైనకొద్దీ లోపల గాలికి చోటు తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువ అంకె ఉన్న టైరును ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించకండి. అందులోనూ ఐదుగురు, వెనక డిక్కీ నిండా సామాను అన్నప్పుడు ఈ మాటలో రాజీ పడటానికి వీల్లేదు. అదే 17 సైజులో ఎక్స్‌ఎల్ అని రాసి, ఎక్కువ బరువు మోయడానికి చేసిన, 88 అంకెతో వచ్చే రకం ఉంది, కానీ దానికి గాలి ఎక్కువ పట్టించాలి. ఆ సంగతి చివరి ప్రశ్నలో చెబుతాము.

రెండవది పక్కగోడ. 132 మిల్లీమీటర్ల నుంచి ఒక్కసారిగా 92కు దిగుతారు, అంటే గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న మెత్తటి భాగం 40 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. జాతీయ రహదారి మీద అది బాగానే ఉంటుంది. పైపుల కోసం తవ్వి సగం పూడ్చిన కాలనీ వీధుల్లో, ఎత్తు కొలత లేకుండా పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద, వానాకాలంలో నీళ్లు నిండి లోతు తెలియని గుంతల్లో ఆ 40 మిల్లీమీటర్ల లోటు తెలుస్తుంది. దెబ్బ తగిలితే పక్కగోడ లోపలి దారాలు తెగి గుడ్డులా ఉబ్బు లేస్తుంది. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు, పారేయవలసిందే. రిమ్ము అంచు వంగినా, పగిలినా అది వేరే ఖర్చు.

కాబట్టి మీకు 185/65 ఆర్15 అన్నిటికంటే మంచిది. దాని టైరు సాధారణంగా 88 అంకెతో వస్తుంది కాబట్టి బరువు మోసే శక్తి తగ్గదు సరికదా పెరుగుతుంది. కంపెనీయే ఆ మోడల్‌కు వాడిన సైజు కావడం వల్ల మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో, సస్పెన్షన్‌కు తగులుతుందేమో అన్న అనుమానం కూడా ఉండదు. అందం కోసం ఇంకొక మెట్టు ఎక్కాలనిపిస్తే 195/55 ఆర్16 దగ్గర ఆగండి. బలెనో పై వేరియంట్లకు మారుతి ఇచ్చిన సైజు అది. దానికి 87 అంకె ఉంటుంది, మీ అవసరానికి సరిపోతుంది, అయితే టైరు ధర పెరుగుతుంది.

రిమ్ము వెడల్పును కూడా అడిగి చూసుకోండి. 185/65 ఆర్15 టైరుకు 5 నుంచి 6.5 అంగుళాల వెడల్పు రిమ్ము సరిపోతుంది, 5.5 అన్నది ఆ టైరుకు ప్రామాణిక కొలత. 195/55 ఆర్16కు 5.5 నుంచి 7 వరకు చెల్లుతుంది. బజారులో 15 అంగుళాల రిమ్ముల్లోనే 7 అంగుళాల వెడల్పువి కూడా దొరుకుతాయి. వాటి మీద 185 టైరును లాగి ఎక్కిస్తే టైరు అంచు బయటికి పరుచుకుపోతుంది, రిమ్ము పెదవికి రక్షణ పోతుంది, గుంతలో పడ్డప్పుడు టైరు అంచు రిమ్మును వదిలేసే ప్రమాదమూ ఉంది. అది కొందరికి ముచ్చటగా కనిపించవచ్చు గాని, కుటుంబం ఎక్కే కారుకు తగదు.

ప్రశ్న: హ్యుందాయ్ ఐ20కి రిమ్ములు చూస్తున్నాను. పీసీడీ కుదిరితే చాలు, మిగతాది రింగు వేసి సర్దేస్తామని చెబుతున్నారు. ఆఫ్‌సెట్ అనీ, హబ్ బోర్ అనీ స్నేహితులు ఏవో చెబుతున్నారు. వీటిని పట్టించుకోవాలా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తప్పకుండా పట్టించుకోవాలి. పీసీడీ అంటే బోల్టు రంధ్రాల మధ్య బిందువుల మీదుగా గీసిన వలయం వ్యాసం. మీ ఐ20కి, మారుతి చిన్న కార్లకు నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్లు. క్రెటా వంటి వాటికి ఐదు బోల్టులు, 114.3 మిల్లీమీటర్లు. ఫియట్ పుంటో, లీనియా కార్లకు నాలుగు బోల్టులే అయినా 98 మిల్లీమీటర్లు. 98కీ 100కీ తేడా కంటికి ఆనదు, చక్రం బోల్టుల మీదికి ఎక్కినట్టే ఉంటుంది, కానీ నట్లు ఓరగా కూర్చుంటాయి. అలా బిగించిన చక్రం రోడ్డు మీద వదులవుతుంది. ఇందులో "దాదాపుగా సరిపోయింది" అన్న మాటకు చోటు లేదు.

హబ్ బోర్ అంటే రిమ్ము నడిమధ్య రంధ్రం. మీ కారులో ఆ రంధ్రం కూర్చునే హబ్, అంటే చక్రాన్ని బిగించే భాగం, వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే రిమ్ములు అనేక కార్లకు పనికిరావాలి కాబట్టి మధ్య రంధ్రాన్ని 67.1 అనో 73.1 అనో పెద్దదిగా చేస్తారు. ఆ ఖాళీని పూడ్చడానికి వేసేదే రింగు. అది తప్పు పని కాదు, అవసరమైన పనే. లోపలి వ్యాసం 54.1, బయటి వ్యాసం మీరు కొన్న రిమ్ము రంధ్రానికి సరిగ్గా సమానంగా ఉన్న రింగులు నాలుగు చక్రాలకూ వేయించండి. రింగు లేకపోతే చక్రం నట్ల మీదే మధ్యకు కుదురుకోవాలి, కాస్త పక్కకు జరిగినా గంటకు 80, 100 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా వణుకు పోవడం లేదని ఉత్తరాలు రాసే పాఠకులు ముందు చూడవలసింది ఇక్కడే.

ఆఫ్‌సెట్ సంగతి ఇంకా ముఖ్యం, కొట్టుల్లో అన్నిటికంటే తక్కువగా మాట్లాడేది కూడా దీని గురించే. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత గీస్తే, హబ్‌కు ఆనే ముఖం ఆ గీతకు ఎంత బయటికి ఉందో మిల్లీమీటర్లలో చెప్పే అంకె ఇది. రిమ్ము మీద ఈటీ అన్న అక్షరాల పక్కన ఉంటుంది. అంకె తగ్గినకొద్దీ చక్రం కారు నుంచి బయటికి పొడుచుకొస్తుంది. ఉదాహరణకు 5.5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్మును తీసి 7 అంగుళాల వెడల్పు, ఈటీ 35 ఉన్న రిమ్మును వేశామనుకుందాం. వెడల్పు వల్ల ఇరుపక్కలా 19 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది, ఆఫ్‌సెట్ వల్ల మొత్తం చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. ఫలితంగా బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 9 మిల్లీమీటర్లు లోపలికి వస్తాయి. అప్పుడు వెనక సీటు నిండినప్పుడల్లా టైరు మడ్‌గార్డును గీరుతుంది, బేరింగుల మీద భారం పడే చోటు మారి అవి త్వరగా అరుగుతాయి, ఒకపక్క చక్రం గుంతలో పడితే స్టీరింగ్ చేతిలోంచి లాగేసుకుంటుంది. పాత రిమ్ము ఈటీ ఎంతో చూసి, కొత్తది దానికి 5 మిల్లీమీటర్లకు మించి తేడా లేకుండా ఎంచుకోండి. చక్రాన్ని బయటికి తోయడానికి వేసే స్పేసర్ల జోలికి మాత్రం వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాము.

నట్ల విషయంలోనూ ఒక మాట. మారుతి నట్ల మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, హ్యుందాయ్, హోండా, టయోటాలది 1.5. ఒకదాని నట్టు ఇంకొకదానికి బలవంతంగా ఎక్కిస్తే బోల్టు మర చెడిపోతుంది. హోండా కంపెనీ రిమ్ములకు నట్టు అడుగు గుండ్రంగా ఉంటుంది, బయట అమ్మే రిమ్ముల్లో చాలావాటికి శంకువు ఆకారపు నట్టు కావాలి. రిమ్ముతో పాటు దానికి తగిన నట్లు కొనండి. బిగింపును నట్లు బిగించే యంత్రపు గన్‌తో ముగించనీయకుండా, మీ కారు పుస్తకంలో రాసిన బిగువుకు, బిగువును కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించమని అడగండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరొకసారి బిగువు చూపించండి. స్టెప్నీగా పాత ఇనుప చక్రమే ఉంచుకుంటారు గనుక, దాని నట్లను పారేయకుండా డిక్కీలో పెట్టుకోండి.

రిమ్ము నాణ్యతకు ఐఎస్ఐ గుర్తును చూడండి. ప్రయాణికుల కార్ల చక్రాల పరీక్షలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 9436. జపాన్ ప్రమాణమైన జేడబ్ల్యూఎల్ గుర్తు తయారీదారు తానే వేసుకోగలిగినది, దాని పక్కన వీఐఏ గుర్తు కూడా ఉంటే బయటి సంస్థ పరీక్షించిందని అర్థం. వెల్డింగ్ చేసి రంగు పూసిన పాత రిమ్ములు సగం ధరకు దొరుకుతాయి. వాటిని కొనవద్దు.

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయిని. నెమ్మదిగా నడుపుతాను. కంపెనీ పేరు అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెబుతున్నారు. ఎంఆర్‌ఎఫ్, అపోలో, సియట్, మిషెలిన్, యోకొహామా వీటిలో ఏది మంచిది? విదేశీ టైరు అయితే మేలా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: అమ్మా, కంపెనీ పేరు కంటే ఆ కంపెనీ చేసే టైర్లలో ఏ రకం అన్నది ఎక్కువ ముఖ్యం. ప్రతి కంపెనీ రెండు మూడు గుణాల మధ్య బేరం చేసుకుని ఒక్కొక్క రకాన్ని తయారు చేస్తుంది. రబ్బరు గట్టిగా ఉంటే ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది కానీ తడి రోడ్డు మీద పట్టు తగ్గే అవకాశం ఉంది. మెత్తగా ఉంటే పట్టు, నిశ్శబ్దం బాగుంటాయి, అరుగుదల త్వరగా వస్తుంది. అపోలోలోనే అమేజర్ 4జీ లైఫ్ ఎక్కువ కాలం మన్నడానికి చేసినది, ఆల్నాక్ 4జీ పట్టుకూ సుఖానికీ చేసినది. సియట్‌లో మైలేజ్ మొదటి కోవకు, సెక్యూరాడ్రైవ్ రెండవ కోవకు చెందుతాయి. గుడ్‌ఇయర్‌లో డ్యూరాప్లస్ మన్నికకు, ట్రిపుల్‌మ్యాక్స్ తడిలో బ్రేకుకు. బ్రిడ్జ్‌స్టోన్‌లో స్టర్డో మన్నికకు, టురాంజా సుఖానికి. మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ నిశ్శబ్దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది, ధర కూడా ఆ మేరకు ఎక్కువ. ఎంఆర్‌ఎఫ్‌కు చిన్న ఊళ్లలో సైతం కొట్లు ఉండటం, గట్టి పక్కగోడ అన్న పేరు ఉండటం దాని బలం.

మీరు ఏడాదికి ఎక్కువ దూరం నడపరు గనుక మన్నిక రకానికి డబ్బు పెట్టడం వృథా. మీ టైరు అరగకముందే వయసు మీరుతుంది. మన ఊళ్లో నైరుతి వానలు, ఆ తర్వాత అక్టోబరు తుపానుల వానలు కలిసి ఏడాదిలో చాలా రోజులు రోడ్లను తడిగానే ఉంచుతాయి. అందువల్ల తడి పట్టుకు పేరున్న రకాన్నే తీసుకోమని మా సలహా: ఆల్నాక్ 4జీ, సెక్యూరాడ్రైవ్, ట్రిపుల్‌మ్యాక్స్, ప్రైమసీల్లో మీ సైజులో ఏది తాజాగా దొరికితే అది. ఏది తీసుకున్నా నాలుగూ ఒకే రకం ఉండాలి.

తాజాదనం ఎలా తెలుస్తుందంటే, పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆరు నెలల లోపుది దొరికితే మంచిది, ఏడాది దాటినదానికి ధర తగ్గించమని అడగవచ్చు, రెండేళ్లు దాటినదాన్ని తీసుకోవద్దు. కొట్టు బయట ఎండలో పేర్చిన టైరును తేదీ కొత్తదైనా వద్దనండి. వాడుకలో ఉన్న టైరును ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలి, లోతు ఎంత మిగిలినా పదేళ్లకు మార్చేయాలి.

కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ 300, 400 అన్న అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెను తయారీదారే నిర్ణయిస్తాడు కనుక ఒకే కంపెనీలోని రెండు రకాలను పోల్చుకోవడానికి పనికొస్తుంది గాని, ఒక కంపెనీని ఇంకొక కంపెనీతో పోల్చడానికి పనికిరాదు. దాని పక్కన ట్రాక్షన్ అన్నచోట ఉండే ఏఏ, ఏ, బీ, సీ అక్షరాలు తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టును చెబుతాయి. మీరు చూడవలసింది దాన్ని.

విదేశీ, స్వదేశీ అన్న తేడాకు ఇప్పుడు అంత అర్థం లేదు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి దిగుమతికి అనుమతి కావాలి, అందువల్ల పెద్ద సైజుల్లో కొన్ని రకాలు దొరకడం కష్టమైంది. విదేశీ పేరున్న కంపెనీలు చాలావరకు మన దేశంలోనే తయారు చేస్తున్నాయి. మన రాష్ట్రంలోనే చూడండి. అపోలో సంస్థ చిన్నపండూరులో 2020లో కర్మాగారం తెరిచింది. మనకు కూతవేటు దూరంలో ఉన్న అచ్యుతాపురంలో యోకొహామా అనుబంధ సంస్థ 2022లో పొలాల్లో, గనుల్లో తిరిగే వాహనాల టైర్ల కర్మాగారం ప్రారంభించింది. ఏ దేశపుదైనా మన రోడ్ల మీద అమ్మే కారు టైరుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, దాని ప్రమాణం ఐఎస్ 15633. దొర్లేటప్పటి నిరోధం, తడి పట్టు, చప్పుడు ఈ మూడింటికీ కనీస స్థాయిని నిర్దేశించే ఏఐఎస్ 142 ప్రమాణాన్ని కొత్త డిజైన్లకు 2022 అక్టోబరు నుంచి, పాత డిజైన్లకు 2023లో వర్తింపజేశారు. కాబట్టి బిల్లు ఇచ్చే అధీకృత కొట్టులో, వారంటీ కార్డు మీద టైరు వరుస సంఖ్య రాయించుకుని కొనండి. పక్కగోడ ఉబ్బితే తర్వాత మాట్లాడుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

ప్రశ్న: బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉంటాము. పక్కింటివాళ్ల కొత్త అలాయ్ వీల్స్ మీద ఏడాది తిరగకుండానే తెల్లటి దారాల్లాంటి మచ్చలు వచ్చాయి, గాలి కూడా మెల్లగా దిగిపోతోందట. మేము కొనవచ్చా?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: కొనవచ్చు, అయితే పైపూతను చూసి కొనాలి. అల్యూమినియం తనంతట తానే ఒక సన్నని పొరను ఏర్పరచుకుని తుప్పు నుంచి కాచుకుంటుంది గాని, సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పొరను ఛేదిస్తుంది. ముఖాన్ని చెక్కి మెరుగుపెట్టి పైన పారదర్శకమైన పూత వేసిన రిమ్ములు, డైమండ్ కట్ అని అమ్మేవి, ఈ విషయంలో బాగా బలహీనమైనవి. చిన్న రాయి తగిలి పూత లేచిందంటే ఆ గీత కింద తేమ పాకుతూ పోతుంది. మీరు చూసిన తెల్ల దారాలు అవే. తీరానికి దగ్గరగా ఉండేవారు ముఖమంతా రంగు పూసిన వెండి లేదా బూడిద రంగు రిమ్ములు తీసుకోవాలి, క్రోము పూత ఉన్నవాటిని వదిలేయాలి.

గాలి మెల్లగా దిగడానికి కారణం టైరు అంచు కూర్చునే చోట రిమ్ము గరుకుబారడం. టైరు విప్పించి, ఆ చోటును శుభ్రం చేయించి, సీలర్ పూయిస్తే చాలావరకు ఆగుతుంది. వారానికోసారి మంచినీటితో, తేలికపాటి షాంపూతో చక్రాలను లోపలి వైపు కూడా కడగండి. ఆమ్లం కలిసిన క్లీనర్లు తళతళలాడించి పూతను తినేస్తాయి, వాడనీయకండి. ఇనుప హబ్, అల్యూమినియం రిమ్ము ఉప్పు తేమలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి, చక్రాలను మార్చి వేయించిన ప్రతిసారీ హబ్ ముఖాన్ని బ్రష్‌తో శుభ్రం చేయించి పలుచగా యాంటీసీజ్ (లోహాలు అతుక్కుపోకుండా ఆపే పూత) పూయించండి. బోల్టుల మరలకు మాత్రం ఏదీ పూయకూడదు, పూస్తే బిగువు లెక్క తప్పుతుంది.

ప్రశ్న: రెండు టైర్లే మార్చే స్తోమత ఉంది. ముందు చక్రాల కారు కాబట్టి కొత్తవి ముందే వేయాలా? తరచుగా అరకు వెళ్తుంటాము.
— ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: కొత్తవి వెనక వేయించండి. ఇంజను శక్తి ముందు చక్రాలకు వెళ్లినా ఇదే సరైనది. అనంతగిరి ఘాట్‌లో వాన పడుతున్నప్పుడు మలుపులో ముందు టైర్లు జారితే కారు తిన్నగా వెళ్తుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనక టైర్లు జారితే కారు గిరుక్కున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం అలవాటు లేనివారి వల్ల కాదు. ముందుకు వెళ్లే పాత టైర్ల గాడి లోతు చూసుకోండి. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, గాడి అడుగున టీడబ్ల్యూఐ అన్న మిట్ట ఆ లోతును చూపుతుంది. ఘాట్ రోడ్డు తడిగా ఉండే నెలల్లో 3 మిల్లీమీటర్లకు తగ్గాక మేమైతే అటువైపు వెళ్లము.

ప్రశ్న: క్రెటాకు 205/65 ఆర్16 వచ్చింది. పై వేరియంటులోని 215/60 ఆర్17కు మారితే రవాణా శాఖ వాళ్లు, బీమా కంపెనీ అభ్యంతరం చెబుతారా? స్పీడోమీటరు తప్పు చూపిస్తుందా?
— ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: మొదటి సైజు వ్యాసం 672.9, రెండవది 689.8 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర శాతం పెరుగుదల. స్పీడోమీటరు 100 చూపినప్పుడు మీరు పాత లెక్క కంటే రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ వేగంతో ఉంటారు. స్పీడోమీటర్లు సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తాయి కనుక ఇది ప్రమాదకరం కాదు, కానీ గుర్తుంచుకోవాలి. నేల నుంచి ఎత్తు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్టెప్నీ 16 అంగుళాలదే ఉంటే దాన్ని అవసరానికి మాత్రమే, నెమ్మదిగా వాడండి.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. అదే మోడల్‌కు తయారీదారే ఇచ్చిన సైజును ఎంచుకోవడం ఇందుకే అన్నిటికంటే క్షేమం. మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చే టైర్లకు ఆ వాదన నిలవదు. బీమా కంపెనీకి మాత్రం రిమ్ముల బిల్లు జతచేసి ముందే తెలియజేయండి. చెప్పకపోతే ప్రమాదం తర్వాత ఆ రిమ్ముల విలువ రాకపోవడమే కాకుండా, మార్పు వల్లే ప్రమాదం జరిగిందన్న వాదనకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది.

ప్రశ్న: కొత్త సైజు వేయించాక గాలి ఎంత పెట్టాలి? తలుపు దగ్గరి పట్టీలో పాత సైజుకే రాసి ఉంది. నైట్రోజన్ తప్పనిసరా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: కొత్త టైరు మామూలు రకమై, దాని బరువు అంకె పాతదానికి సమానం లేదా ఎక్కువ ఉంటే, పట్టీలో రాసిన గాలితోనే మొదలుపెట్టండి. పై వేరియంటు సైజు వేయించి ఉంటే ఆ వేరియంటు పట్టీలోని అంకెను అనుసరించండి. ఎక్స్‌ఎల్ రకానికి ఇది వర్తించదు. మామూలు టైరు తన పూర్తి బరువును మోయడానికి లెక్కగట్టిన గాలి 36 పీఎస్‌ఐ అయితే, ఎక్స్‌ఎల్‌కు అది 42 పీఎస్‌ఐ. అంటే తక్కువ గాలి ఉన్న ఎక్స్‌ఎల్ టైరు తన మీద రాసిన బరువును మోయలేదు. మొదటి ప్రశ్నలోని 205/45 ఆర్17ను ఎక్స్‌ఎల్‌లో తీసుకున్నా, స్విఫ్ట్ పట్టీలోని గాలితో నడిపితే ఇబ్బంది ఎందుకు తీరదో ఇప్పుడు అర్థమవుతుంది. అటువంటి టైరుకు బరువు, గాలి పట్టికను టైరు కంపెనీ వారినుంచి అడిగి తీసుకోండి.

నైట్రోజన్ తప్పనిసరి కాదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా పెడితే పెట్టించుకోండి, డబ్బు పెట్టి దాని కోసం ఎదురుచూడవద్దు. అసలు లాభం నెలకు రెండుసార్లు, బండి కదలక కనీసం మూడు గంటలైనా అయ్యాక గాలి చూసుకోవడంలో ఉంది. ఎండలో రహదారి మీద నడిచి వచ్చిన టైరులో గాలి ఒత్తిడి నాలుగు పీఎస్‌ఐ వరకు ఎక్కువ చూపించడం మామూలే. ఆ వేడిలో ఎక్కువైందని గాలి తీయించేవారు చాలామంది ఉన్నారు, చల్లారాక ఆ టైరు తక్కువ గాలితోనే మిగిలిపోతుంది. అనకాపల్లి నుంచి విశాఖ వచ్చి పెట్రోలు బంకులో చూపించే బదులు, ఒక గేజీ కొని ఉదయం ఇంటి దగ్గరే చూసుకోండి.